తాడు మీద చెయ్యి

కళింగపట్నంలో జగ్గమ్మ తిట్లకి ఎవరూ భయపడరు. తిట్లు ఆ ఊళ్ళో అందరికీ వచ్చు. ఆమె చూపుకే భయపడతారు. పడవ ఒడ్డుకొచ్చి, ఇసక మీద చేపలు కుప్పపోసి వేలం పాడుతుంటే జగ్గమ్మ చేపల్ని చూడదు. అమ్మేవాడి మొహం చూస్తుంది. ఆ మొహంలో ఎక్కడో ఒకచోట అవసరం దాక్కుని ఉంటుంది. ఇంట్లో ఎవరికో జ్వరమో, ఇంజను మరమ్మతో, కూతురి పురుడో. అది దొరికిందంటే ధర పడిపోయినట్టే. అప్పుడు పెదవిని ఒక మూలకి లాగి, "ఇయేటి, సేపలా? పిల్లులకి ఎయ్యడానికి తెచ్చినావనుకున్నాను" అంటుంది.

అవసరం కనబడనిచ్చిన మొహం చవకైపోతుందని ఆమెకి చిన్నప్పుడే తెలిసింది. ఎవరు నేర్పారో గుర్తులేదు. ఆకలి వెయ్యడం ఎవరూ నేర్పరు కదా, అలాగే ఇదీ. అందుకే తన మొహాన్ని ఎప్పుడూ మూసి ఉంచుకుంది. మూయడానికి ఆమెకి దొరికిన తలుపు ఈసడింపు ఒక్కటే. మొగుడు కామెర్లతో పోయినప్పుడు ఊరంతా ఓదార్చడానికొస్తే, వచ్చినవాళ్ళ ఏడుపుల్లో ఏది తూకానికి తక్కువ వచ్చిందో చూస్తూ కూర్చుంది. తన ఏడుపు ఎవరూ చూడలేదు. ఏడ్చిందో లేదో ఆమెకే సరిగ్గా తెలీదు. తలుపు అంత గట్టిగా పడిపోయింది.

అలాంటి మనిషి ఇప్పుడు శ్రీకాకుళంలో, అరసవల్లి పోయే రోడ్డు మీదున్న ఒక నర్సింగ్‌హోంలో, ఆడవాళ్ళ వార్డులో కిటికీ పక్క మంచం మీద ఉంది. ఎడం పాదం రెండు దిళ్ళ మీద ఎత్తి పెట్టి ఉంది. ఎవరొచ్చినా ముందు ఆ పాదాన్నే పలకరిస్తున్నారు. తర్వాతే ఆమెని.

జెల్ల చేప ముల్లు గుచ్చుకుంది. చేపలవాళ్ళకి అదొక గాయం కాదు. కానీ పాదం వాచింది. రొయ్యపిల్లల్ని పెంచే హేచరీలో పనిచేసే మేనల్లుడు లక్ష్ముడు బలవంతాన బండెక్కించి ఇక్కడికి తీసుకొచ్చాడు. చీరి, కడిగి, కట్టుకట్టారు. తర్వాత రోజు విడిచి రోజు వచ్చి కట్టు మార్పించుకు వెళ్ళేది. మానుతున్నట్టే ఉండి, ఒక్కసారిగా తిరగబడింది. పచ్చటి చీము పట్టింది. ముగ్గిపోయిన పండులాంటి తియ్యటి కంపు. మంచం ఇచ్చారు. సూదులు మార్చారు. ఖరీదైన సూది పోయి ఇంకా ఖరీదైన సూది వచ్చింది. చీము మాత్రం తన పని తాను చేసుకుపోతోంది. లేబరేటరీ నుంచి వచ్చిన రిపోర్టులో, ఉన్న మందులన్నిటికీ ఆ పురుగు లొంగదని రాసి ఉందట.

నర్సింగ్‌హోం నరసింగరావుది. ఆయనే సర్జను. తెల్లటి మనిషి, తెల్లటి చొక్కా, చేతులు కడుక్కోవడం ఆయనకొక పూజ. పొద్దున్న రౌండ్సుకి వచ్చి, జగ్గమ్మ పాదం ముందు నిలబడి, వెనకున్న కుర్ర డాక్టర్లకి చెప్పినట్టుగా వార్డంతా వినేలా అన్నాడు.

"చూశారా? చేపల కుళ్ళులో చెప్పుల్లేకుండా తిరుగుతారు. ముక్కు కారినా మెడికల్ షాపుకెళ్ళి యాంటీబయాటిక్ కొనుక్కుని మింగుతారు. రెండు మింగి నాలుగు పారేస్తారు. పురుగుకి మనమే కసరత్తు నేర్పినట్టు. అది ముదిరాక ఆ కంపు మోసుకొచ్చి మన ప్రాణాలు తీస్తారు."

వార్డులో ఎవరో కిసుక్కుమన్నారు. జగ్గమ్మ ఆయన మొహంకేసి చూసింది. అలవాటుగా వెతికింది. అవసరం కనబడలేదు. ఏ మూలా లేదు. ఏ అవసరమూ లేని మొహం ముందు ఆమె తూకం పనిచెయ్యదు. పైగా మాత్రల సంగతి నిజమే. గిట్టనివాడి నోట్లోంచి వచ్చిన నిజం జెల్ల ముల్లులాగే గుచ్చుకుంటుంది, లాగితే ఇంకా చీరుతుంది.

"మోకాలి కింద తీసెయ్యాలి" అన్నాడు నరసింగరావు. "లేకపోతే పైకి పాకుతుంది."

"తియ్యనివ్వను" అంది జగ్గమ్మ.

"చచ్చిపోతావమ్మా."

"మీకేటి బాబూ నష్టం? మంచం కాళీ అవుతాది."

ఆమెకి చావంటే భయం లేదని వార్డులో అనుకున్నారు. ఉంది. కానీ దానికంటే పెద్ద భయం ఒకటుంది, దాని పేరు అప్పలసూరి. ఇంజను బెల్టులో పడి కుడిచెయ్యి పోయినవాడు. పడవలొచ్చే వేళకి ఒడ్డున వచ్చి కూర్చుంటాడు. తలా ఒక చేప విసురుతారు. జగ్గమ్మ కూడా విసురుతుంది. విసిరేటప్పుడు తన చెయ్యి ఎలా తిరుగుతుందో, అందులో ఎంత నిర్లక్ష్యం ఉంటుందో, అది జాలి పేరుతో ఎలా చెల్లిపోతుందో ఆమెకంటే బాగా ఎవరికీ తెలీదు. ఒక్క కాలితో తను ఆ ఇసకలో నిలబడలేదు. కూర్చోవలసి వస్తుంది. కూర్చున్నదాని ముందు చేప వచ్చి పడుతుంది. ఆ చేప పడే చప్పుడు ఆమెకి ఇప్పుడే, ఈ మంచం మీదే వినిపిస్తోంది. కాలంటే ఆమెకి నడక కాదు, పైనుంచి కిందికి చూడగలిగిన ఆ ఎత్తు.

పక్క మంచం నారాయణమ్మది. కోటబొమ్మాళి దగ్గర పల్లెలో రైతు కుటుంబం. కోతలైన పొలంలో వరిమోడు గుచ్చుకుని చీలమండ దగ్గర పుండైంది. చక్కెర జబ్బు కూడా ఉంది. ఆమె కూడా ముందు ఇక్కడికే వచ్చి కట్లు మార్పించుకుంది. ఆమె పుండూ ఇప్పుడు పచ్చబడింది. ఆమెకీ కాలు తియ్యాలన్న మాట అనేశారు. కానీ ఆమెకి అన్నప్పుడు గొంతు తగ్గించి అన్నారు. ఆ తేడా జగ్గమ్మ చెవి తూచి పెట్టుకుంది.

నారాయణమ్మ వచ్చిన రోజునుంచీ జగ్గమ్మతో మాట్లాడలేదు. మాట్లాడవలసి వస్తే నర్సు రాజకుమారితో మాట్లాడేది. "ఆవిడ్ని కిటికీ తియ్యమనమ్మా. ఆ నీసు కంపు నాను బరించలేకున్నాను." చీరకొంగు ఎప్పుడూ ముక్కుకే. అన్నం తినేటప్పుడు తప్ప దించదు.

"కంపు నా సేపలది కాదని సెప్పు రాజకుమారీ" అనేది జగ్గమ్మ, ఆమె కూడా రాజకుమారితోనే. "రెండు కాళ్ళూ ఒక్కలాగే కుళ్తన్నాయని సెప్పు. బూవిలో కుళ్ళినా, సముద్రంలో కుళ్ళినా పురుగుకి తేడా తెల్దు. దానికి పాపం సదువు లేదు."

మధ్యలో రాజకుమారి నవ్వు ఆపుకోలేక చచ్చేది.

ఒకరోజు నరసింగరావు జగ్గమ్మ పాదంలో చచ్చిన కండ కోస్తున్నాడు. మత్తు సరిగ్గా పట్టలేదు. జగ్గమ్మ అరవలేదు. పళ్ళు బిగించి కిటికీలోంచి బయటికి చూస్తోంది. కానీ కాలు మాట వినడం లేదు. తుఫానులో పడవలా కొట్టుకుంటోంది. "కదపకు, కదపకు" అని ఆయన విసుక్కుంటున్నాడు. రాజకుమారి రెండు చేతుల్లోనూ పళ్ళేలు. అప్పుడు మోకాలి మీద ఒక చెయ్యి పడింది. గరుకు చెయ్యి, నాట్లు వేసిన చెయ్యి. నారాయణమ్మ ఒంటికాలి మీద గెంతుకుంటూ వచ్చి, ఎడంచేత్తో కొంగు ముక్కుకి నొక్కుకుని, కుడిచేత్తో జగ్గమ్మ మోకాలిని మంచానికి అదిమి పట్టింది. కోత అయ్యేదాకా వదల్లేదు. అయ్యాక తన మంచానికి పోయి గోడవైపు తిరిగి పడుకుంది.

జగ్గమ్మకి కోపం వచ్చింది. ఆ మధ్యాహ్నమంతా ఆ కోపాన్ని తిప్పి తిప్పి చూసుకుంది. నొప్పి చూడనివ్వని మొహం తనది. కాలు చూపించేసింది. నారాయణమ్మ చూసేసినదాన్ని మళ్ళీ మూసెయ్యడానికి మార్గం ఏదీ లేదు, ఒక్కటి తప్ప.

ఒడ్డునుంచి లాగే పెద్దవలకి ఒక ధర్మం ఉంది. వల ఎవరిదైనా కానీ, లాగుతున్నప్పుడు తాడు మీద చెయ్యి వేసినవాడికి వాటా ఉంటుంది. ముసలాడు వచ్చి ఊరికే తాకినా దోసెడు చేపలు. నిన్న తలలు పగలగొట్టుకున్నవాడు ఇవాళ తాడు పట్టుకుంటే వాడికీ వాటాయే. ఎందుకు పట్టుకున్నావని అడక్కూడదు. ఇచ్చేటప్పుడు నవ్వక్కర్లేదు, పలకరించక్కర్లేదు. మొహం పక్కకి తిప్పుకుని పారేసినా చాలు. ఇవ్వకపోతే మాత్రం ఆ వలలోకి సముద్రం మళ్ళీ రాదంటారు. జగ్గమ్మకి దేవుళ్ళ మీద కూడా పెద్ద మర్యాద లేదు గానీ ఈ ఒక్క విషయంలో ఎప్పుడూ తప్పలేదు. వాటా పారేస్తే ఎవడికీ లోకువ కానక్కర్లేదు. అదే అందులో గొప్ప.

ఝాన్సీ వచ్చింది ఆ వారంలోనే. ఒకప్పుడు ఈ నర్సింగ్‌హోంలోనే పనిచేసి, నరసింగరావుతో పడక వెళ్ళిపోయిన డాక్టరు. ఇప్పుడు విశాఖపట్నంలో పరిశోధన చేస్తోంది. ఇంక ఏ మందూ మిగలని రోగుల మీద, రోగి ఒప్పుకుంటే, కమిటీ అనుమతితో కొత్త వైద్యం చేసి చూడటం ఆమె పని. నరసింగరావు ఆమెని "కాలవల డాక్టరమ్మ" అంటాడు. అయినా రానిచ్చాడు.

"ఎలాగూ పోయే కాలే కదా" అన్నాడు గుమ్మంలోనే, గొంతు తగ్గించకుండా. "నీ ఇష్టం. నీ నీళ్ళు నువ్వు పోసుకో. వారం చూసి నేను కోసేస్తాను."

ఝాన్సీ స్టూలు లాక్కుని జగ్గమ్మ పక్కన కూర్చుంది. జేబులోంచి చిన్న గాజుసీసా తీసింది. లోపల నీళ్ళలాంటి నీళ్ళు.

"మనుషులకి వైరస్ పడుతుంది కదా, అలాగే బ్యాక్టీరియాకి కూడా వైరస్ ఉంటుందమ్మా. ఫేజ్ అంటారు. దాని మీద వాలి, లోపలికి దూరి, వందల పిల్లల్ని పెట్టి దాన్ని పగలగొట్టుకుని బయటికొస్తుంది. మందుకి లొంగని పురుగు కూడా దీనికి లొంగుతుంది. ఒకటే చిక్కు. ప్రతి ఫేజూ అన్నిటినీ తినదు. ఒక్కో ఫేజుకి ఒక్కో రకమే తిండి. ఆ రకంలోనూ ఒక్కో వంశమే. తాళానికి తాళంచెవిలాగ."

"అంటే అది కూడా కులం సూసే తింతాదన్నమాట" అంది జగ్గమ్మ.

ఝాన్సీ నవ్వేసింది. "అలాగే అనుకోండి. మీ పురుగుని తినేదాని కోసం చాలాచోట్ల వెతికాను. మీ కళింగపట్నం సముద్రం నీళ్ళలో చూశాను, లేదు. నాగావళిలో లేదు. చేపల మార్కెట్ కాలవలో లేదు. చివరికి ఈ ఆసుపత్రి వెనక కాలవలోనే దొరికింది. శుభ్రంగా వడగట్టి, పెంచి తెచ్చాను."

"కాలవ నీళ్ళా!" అని నారాయణమ్మ మంచం మీదనుంచి గోడకి చెప్పింది. "ఓలమ్మో!"

"తిండి ఎక్కడ ఎక్కువుంటే తినేది అక్కడే ఉంటుంది కదా" అంది ఝాన్సీ.

"కాకులెక్కడ మూగితే అక్కడ కుళ్ళు ఉంటాది" అంది జగ్గమ్మ. ఆ మాట అన్నాక ఏదో తట్టినట్టయి, నిలవలేదు. ఝాన్సీకి కూడా తట్టినట్టు లేదు. గుమ్మంలో నిలబడ్డ నరసింగరావు మాత్రం, "కాలవలో అన్నీ ఉంటాయి" అని వెళ్ళిపోయాడు.

సాయంత్రం లక్ష్ముడు వచ్చి సీసా పట్టుకుని వెలుగులో పెట్టి చూశాడు.

"అత్తా, ఇది మాకు తెల్సు. మా హేచరీలో రొయ్యపిల్లలకి జబ్బొస్తే ఇలాటిదే తొట్టిల్లో పోస్తన్నాం. యాంటీబయాటిక్ ఎయ్యకూడదు కదా, ఎగుమతి కంపెనీవోలు ఒప్పుకోరు. రొయ్యలో మందు కనబడితే సరుకంతా ఎనక్కి కొడతారు."

"అయితే రొయ్యకి ముందు, మడిసికి తర్వాత."

"రొయ్య అమెరికా ఎల్తాది అత్తా. మనం ఎక్కడికెల్తాం?"

"నిజమేరా. నన్ను కూడా ఐసులో పెట్టి పంపించీ. కాలు ఉంటాది."

జగ్గమ్మ ఒప్పుకోలు కాగితం మీద వేలిముద్ర వేసింది. నమ్మి కాదు. నరసింగరావు నవ్విన వస్తువు కాబట్టి వేసింది.

పొద్దున, సాయంత్రం రెండుసార్లు కట్టు. రాజకుమారి రెండు మంచాల కట్లూ ఒకేసారి విప్పేది, పని తేలికని. పెద్ద సీసాలోంచి సెలైను ఒంపి రెండు పుళ్ళూ కడిగేది. జగ్గమ్మకి మాత్రం కడిగాక, ఝాన్సీ ఇచ్చిన చిన్నసీసా మూత తీసి బల్ల మీద పెట్టి, కొత్త గుడ్డ తేవడానికి లోపలికి వెళ్ళేది.

మొదటి సాయంత్రం ఆమె లోపలికి వెళ్ళగానే జగ్గమ్మ చిన్నసీసా అందుకుంది. పక్క మంచానికి ఒరిగింది. నారాయణమ్మ చీలమండ తెరిచి ఉంది. అదే పచ్చ.

"ఇదిగో" అంది జగ్గమ్మ. ఇన్నాళ్ళలో నేరుగా అన్న మొదటి మాట. "నీ వాటా."

నారాయణమ్మ కొంగు మీదుగా చూసింది. "ఏటి వాటా?"

"ఆవేళ నా కాలు పట్టీనావు కదేటి. తాడు మీద సెయ్యేసినోలికి వాటా ఉంటాది. మా ఊరి లెక్క."

"కాలవ నీళ్ళు నాకెందుకు?"

"వద్దా? వద్దంటే మానీ. నాకు పోయిందేటి లేదు. ఇచ్చీసినట్టే లెక్క."

జగ్గమ్మ సీసా వెనక్కి తీసుకోలేదు. చెయ్యి అలాగే చాచి ఉంచింది. నారాయణమ్మ గోడవైపు తిరిగింది. తర్వాత గోడని చూస్తూనే, దుప్పటి మోకాలిదాకా పైకి లాక్కుంది.

సగం అక్కడ పడింది. సగం ఇక్కడ. ఆ పూటనుంచి ప్రతి కట్టుకీ అంతే. ఇది జాలి కాదు. దాన్ని జాలి అనుకుంటే జగ్గమ్మ ఉమ్మేసి ఉండేది. ఆ మనిషి చేతిలోంచి తన మోకాలిని విడిపించుకుంటోంది, అంతే. తన మందు ఇంకొకరి పుండుకి పనికిరాదని ఝాన్సీ అంత వివరంగా చెప్పిన మాట ఆమె విననట్టు కాదు. విన్నది. తాళం, తాళంచెవి, అంతా విన్నది. కానీ వాటా వాటాయే. తీసుకున్నవాడికి పనికొచ్చే చేపా, ముళ్ళ చేపా అని చూసి ఎవడూ పంచడు.

రాజకుమారి ఒకటి రెండుసార్లు గుమ్మంలోంచి చూసినట్టే ఉంది. ఏమీ అనలేదు. అంటే తన తప్పు కూడా బయటపడుతుంది.

నాలుగైదు రోజులయ్యేసరికి నారాయణమ్మ పుండు ఎర్రబడింది. పచ్చపోయి ఎరుపు వస్తే కండ బతికిందని అర్థం. నరసింగరావు సంబరపడ్డాడు. "నేను మార్చిన ఇంజక్షన్ చూశారా, ఎలా పట్టిందో!" అని కుర్ర డాక్టర్లకి చెప్పాడు. జగ్గమ్మ పుండు కూడా సర్దుకుంటోంది గానీ మెల్లగా. వేళ్ళవైపు మాత్రం నలుపు దిగింది. చివరి రెండు వేళ్ళూ తీసేశారు. కాలు ఉంటుందన్నారు. వేళ్ళు లేవన్నారు.

ఝాన్సీ వచ్చి పాదం చూసి మొహం చిట్లించింది. "ఇంత మెల్లగా ఎందుకుంది? మందు పూర్తిగా పోస్తున్నారా?"

రాజకుమారి నేల చూసింది.

"సగమే" అంది జగ్గమ్మ. "సగం దానికి ఇచ్చీసినాను."

ఝాన్సీకి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. తర్వాత ఆమె గొంతు వార్డు చివరిదాకా వినబడింది. "మీకు బుద్ధుందా? అది మీ పురుగు కోసం వెతికి వెతికి తెచ్చింది! ఆమెకి ఏమైనా అయితే ఎవరు బాధ్యులు? పూర్తిగా మీకే పడుంటే ఆ రెండు వేళ్ళూ మిగిలేవేమో, తెలుసా? ఆమె పురుగు వేరు, మీ పురుగు వేరు. ఆమెది కోటబొమ్మాళి పొలం, మీది సముద్రం. ఆమెకి ఇది మామూలు నీళ్ళు! నీళ్ళతో పుండు ఎలా..."

అక్కడ ఆగిపోయింది. నారాయణమ్మ చీలమండ దగ్గరికి వెళ్ళి వంగింది. ఎర్రటి, శుభ్రమైన కండ. గుడ్డతో అద్ది చూసింది.

"నీళ్ళతో మానదు" అంది చివరికి, తనలో తను.

ఆమె ఇంక ఎవర్నీ తిట్టలేదు. నారాయణమ్మ పుండులోంచి మొదట్లో తీసిన చీము లేబరేటరీలో ఇంకా దాచి ఉంది. అది తీసుకుంది. కట్లు కడిగే పెద్ద సీసాలోంచి కొంచెం సెలైను పట్టుకుంది. ఆ సీసాని రాజకుమారి ఎన్నడూ పూర్తిగా ఖాళీ చెయ్యదు. అడుగుకి రాగానే పైనుంచి కొత్తది నింపుతుంది. అలా చెయ్యమనే చెప్పారు.

ఝాన్సీ విశాఖపట్నం వెళ్ళి వచ్చేలోపు జగ్గమ్మకి తీరిక దొరికింది. పాదానికి చివర ఖాళీగా ఉన్న చోటుని చూస్తూ కూర్చుంది. లేని వేళ్ళు దురద పెడుతున్నాయి. గోక్కుందామంటే అక్కడ గాలి. ఆ పూటంతా నారాయణమ్మని మనస్ఫూర్తిగా అసహ్యించుకుంది. ఆ చీలమండ తన రెండు వేళ్ళు తిని ఎర్రబడిందనుకుంది. మళ్ళీ తనని తాను అసహ్యించుకుంది. ఇచ్చాక లెక్క చూసుకునేది నువ్వా? మొహం తిప్పుకుని పారేసినదాన్ని మళ్ళీ వంగి ఏరుకునే మనిషివా? ఈసడింపు ఇన్నాళ్ళూ బయటివాళ్ళకే సరిపోయేది. లోపలికి తిప్పితే దాని అంచు ఇంత పదునుగా ఉంటుందని ఆమెకి తెలీదు.

నారాయణమ్మ థాంక్స్ చెప్పలేదు, ఏడవలేదు. భోజనం వేళకి తన కేరేజీలోంచి ఆవపెట్టిన అరటికాయ కూర తీసి, రాజకుమారి చేత కాకుండా, తనే చెయ్యి చాచి జగ్గమ్మ కంచంలో వేసింది.

"ఉప్పు లేదు" అంది జగ్గమ్మ తిని.

"మీకు సముద్రమంతా వెయ్యాల" అంది నారాయణమ్మ.

ఝాన్సీ తిరిగొచ్చిన రోజు నరసింగరావు గది తలుపు చాలాసేపు మూసి ఉంది. లోపల గొంతులు పెరిగి తగ్గాయి. తర్వాత ఝాన్సీ ముందుగా బయటికొచ్చి, జగ్గమ్మ పక్కన స్టూలు మీద కూర్చుని, ఉన్నది ఉన్నట్టు చెప్పింది. రెండు పుళ్ళలోనూ ఒకటే పురుగు. ఒకటే వంశం. పెద్ద సీసాలోనూ అదే. జెల్ల ముల్లుతో రాలేదు, వరిమోడుతో రాలేదు. కట్టు మార్చిన ప్రతిసారీ ఇక్కడే ఒంపారు. పుళ్ళూ, మంచాల కిందా కడిగిన నీళ్ళన్నీ వెనక కాలవలోకి పోతాయి కాబట్టే దాన్ని తినేది అక్కడ పెరిగింది.

"మీరు తప్పు పని చేశారు" అంది ఝాన్సీ. "కానీ మీరు ఆ తప్పు చెయ్యకపోతే నాకు తెలిసేది కాదు."

"కాకుల మాట నేనప్పుడే సెప్పీనాను కదేటమ్మా" అంది జగ్గమ్మ. "మీరూ ఇన్లేదు. నేనూ ఇన్లేదు."

నరసింగరావు తర్వాత వచ్చాడు. కుర్ర డాక్టర్లు వెనక లేరు. మంచానికి బాగా దగ్గరగా, ఎప్పుడూ నిలబడనంత దగ్గరగా నిలబడ్డాడు. గొంతు బాగా తగ్గించాడు.

"చూడమ్మా. ఏదో పొరపాటు. ఎక్కడైనా జరిగేదే. కాలు దక్కింది కదా. బయటికెళ్ళి ఈ మాట... వార్డులో మిగిలినవాళ్ళు కంగారు పడతారు. నువ్వు కొంచెం..."

జగ్గమ్మ ఆయన మొహంలోకి చూసింది. అక్కడ ఉంది. కళ్ళ కింద, పెదవి చివర, నున్నగా గీసుకున్న గడ్డం మీద, అన్నిచోట్లా ఉంది. ఇన్నాళ్ళూ వెతికినా దొరకని అవసరం ఇవాళ బహిరంగంగా కుప్పపోసి ఉంది. ఇసక మీద ఇలాంటి మొహం కనబడితే ఆమె ఒక్కమాటతో కుప్పంతా లాగేసుకునేది. పెదవి ఆ మూలకి కదలబోయింది కూడా. కానీ ఎందుకో రుచి పుట్టలేదు. ఈ మొహానికా తను భయపడింది? ఈ మనిషి చూపు ముందా కాలు దాచుకుంది? ఇంత చవక సరుకుని ఇంత ఎత్తున పెట్టి చూసిన తన కంటి మీదే ఆమెకి అసహ్యం వేసింది.

"బాబూ" అంది. "ఆవేళ మీరు నా సేపల గురించి, సెప్పుల గురించి వార్డంతా ఇన్నట్టు సెప్పినారు. గేపకం ఉన్నాదేటి?"

ఆయన చొక్కా చేతులు సర్దుకున్నాడు.

"ఇదీ అలగే సెప్పండి. గట్టిగా. ఇక్కడ కట్లు కట్టించుకున్నోలు ఇంకా ఉన్నారు. అదిగో ఆ మూల ఈశ్వరికి నిన్ననే పచ్చగా తిరిగింది. ఆలకి తెలాల. మీరు సెప్పకపోతే నేను సెప్తాను. నేను సెప్తే మీకు మరీ బాగుండదు. నాది బజారు గొంతు."

నరసింగరావు ఝాన్సీ వైపు చూశాడు. ఆమె చేతులు కట్టుకుని నిలబడి ఉంది. ఆయన వార్డువైపు తిరిగాడు. మెడ ఎర్రబడింది. "కట్లు కడిగే సెలైను సీసాలో... ఇన్‌ఫెక్షన్ ఉన్నట్టు తెలిసింది. అందరికీ మళ్ళీ పరీక్షలు చేయిస్తాం. అది మా పొరపాటే" అని గొణిగాడు.

పక్క మంచం మీదనుంచి నారాయణమ్మ లేచి కూర్చుంది.

"మాకు ఇనబడలేదు బాబూ" అంది.

రెండోసారి ఆయన గట్టిగా చెప్పాడు. చెప్పి, ఎవరి మొహమూ చూడకుండా వెళ్ళిపోయాడు. మూలనున్న ఈశ్వరి ఏడవడం మొదలుపెట్టింది. ఝాన్సీ ఆమె దగ్గరికి వెళ్ళింది.

రాజకుమారి పెద్ద సీసాని రెండు చేతులతో, పసిబిడ్డని కాదు, పాముని పట్టుకున్నట్టు పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయింది. "దీన్ని ఏం చెయ్యమంటారు?" అని ఎవర్ని అడగాలో తెలీక జగ్గమ్మనే అడిగింది.

"ఎనకాల కాలవలో ఒంపీ" అంది జగ్గమ్మ, కాలు మంచం దింపుతూ. "తినీవోలు అక్కడే ఉన్నారు."

నారాయణమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వు దాచుకోవడానికో, నీసు కంపుకో జగ్గమ్మ అడగలేదు. మూడు వేళ్ళ పాదం నేల మీద ఆనించి, బరువు వేసి చూసింది. నొప్పి పుట్టింది. ఈసారి మొహం తిప్పుకోలేదు.

"ఏటి సూస్తన్నావు?" అంది నారాయణమ్మతో. "రా. సెయ్యి ఎయ్యి."